సెల్‌ఫోన్‌కు తాళం వెయ్యాలా? వద్దా?

హాస్టల్‌లో సీటు వచ్చిన ప్రతి విద్యార్థికీ ముందుగా అవసరమయ్యేది ఒక ఇనుప పెట్టె. ఆ పెట్టె ఇంటి నుంచి తెచ్చుకున్నదైనా, ప్రభుత్వం ఇచ్చినదైనా, దానికి తాళం కప్ప మాత్రం మనమే కొనుక్కుంటాం. పెట్టెలో లక్షలేమీ ఉండవు. రెండు జతల బట్టలు, కొబ్బరినూనె సీసా, అమ్మ కట్టి ఇచ్చిన పచ్చడి, సర్టిఫికెట్లు పెట్టుకున్న ప్లాస్టిక్ కవరు. అయినా తాళం వేస్తాం. తాళంచెవిని మొలతాడుకో, మెడలో దారానికో కట్టుకుంటాం. "మా మీద నీకు నమ్మకం లేదా?" అని పక్క మంచం వాడు ఎప్పుడూ అడగడు. ఎందుకంటే అతని పెట్టెకూ తాళం ఉంటుంది.

కానీ సెల్‌ఫోన్ విషయానికి వచ్చేసరికి కథ మారిపోతుంది. "ఏం దాస్తున్నావురా, లాక్ పెట్టుకున్నావ్?" అని అడిగేవారు ప్రతి గదిలోనూ ఉన్నారు. లాక్ పెట్టినవాడు దొంగ అయినట్టు, పెట్టనివాడు నిజాయితీపరుడు అయినట్టు మాట్లాడుకుంటాం. ఇది సరైనదేనా? అసలు ఫోన్‌కు తాళం వెయ్యాలా, వద్దా? వేస్తే ఏ తాళం వెయ్యాలి? ఆ తాళం ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నలకు జవాబులు వెతికే ప్రయత్నమే ఈ వ్యాసం. ఈ హాస్టల్‌లో చివరి సంవత్సరం చదువుతున్న మేము, మా తర్వాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు తెలియజేయాలని దీనిని రాస్తున్నాం. మనకంటే ముందు ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలు, అక్కలు కూడా దీనిని చదివి తమ ఇళ్ళలో ఒకసారి ఆలోచించాలని కోరుతున్నాం.

ఫోన్ అంటే ఇప్పుడు ఫోన్ కాదు

మన పూర్వ విద్యార్థుల కాలంలో ఇంటికి ఫోన్ చెయ్యాలంటే రోడ్డు మీద ఎస్టీడీ బూత్‌కో, కిరాణా కొట్టు ముందున్న రూపాయి కాయిన్ బాక్సుకో వెళ్ళేవారు. మాట్లాడటం అయిపోతే అంతే. ఆ డబ్బాలో మన రహస్యమేదీ మిగిలి ఉండేది కాదు. తర్వాత బటన్ల ఫోన్లు వచ్చాయి. వాటికి స్టార్ బటన్ నొక్కి వేసే కీప్యాడ్ లాక్ జేబులో బటన్లు నొక్కుకుపోకుండా ఉండటానికే గాని, దొంగ నుంచి కాపాడటానికి కాదు. ఆ ఫోన్ పోతే పోయేది ఫోను, కొన్ని నంబర్లు, కాస్త బ్యాలెన్సు.

నేటి స్మార్ట్‌ఫోన్ అలాంటిది కాదు. మన ఫోన్‌లో ఏమేమి ఉన్నాయో ఒక్కసారి లెక్క వేసుకుందాం.

మొదటిది డబ్బు. మన దేశంలో యూపీఐ 2016లో మొదలైంది. అప్పటి నుంచి టీ కొట్టు దగ్గర పది రూపాయలు కూడా ఫోన్‌తోనే ఇస్తున్నాం. స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతా కూడా ఆ ఫోన్‌కే ముడిపడి ఉంది.

రెండవది మన గుర్తింపు. బ్యాంకు వాళ్ళయినా, ఆధార్ వాళ్ళయినా, తెలంగాణలో ఈపాస్ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి అయినా, మనం మనమేనని నమ్మటానికి ఫోన్‌కు ఓటీపీ పంపుతారు. అంటే ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటే వారే మనం!

మూడవది సర్టిఫికెట్లు. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో పదవ తరగతి మార్కుల మెమో దగ్గర నుంచి చాలా పత్రాలు పెట్టుకుంటున్నాం. అది చాలదన్నట్టు ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు ఫోటోలు తీసి గ్యాలరీలో ఉంచుతున్నాం.

నాలుగవది ఇతరుల రహస్యాలు. దీని గురించి ఎవరూ ఆలోచించరు. మన వాట్సాప్‌లో మన మాటలే కాదు, మనల్ని నమ్మి చెప్పుకున్న స్నేహితుల మాటలు, చెల్లెలి ఫోటోలు, అక్క కాపురంలోని కష్టాలు, నాన్న అప్పుల వివరాలు ఉంటాయి. "నా ఫోన్‌లో దాచుకోవలసింది ఏమీ లేదు" అనే మిత్రుడు ఈ నాలుగవ విషయం మరిచిపోతున్నాడు. నీ రహస్యం నువ్వు బయటపెట్టుకోవచ్చు. నిన్ను నమ్మినవారి రహస్యం బయటపెట్టే హక్కు నీకు ఎక్కడిది?

తాళం వద్దనే వారి వాదన

తాళం వద్దనే వారిని తెలివి తక్కువవారని కొట్టిపారెయ్యకూడదు. వారు చెప్పే కారణాలలో బలం ఉంది. మేము గదుల్లో మాట్లాడుకున్నప్పుడు ముఖ్యంగా నాలుగు కారణాలు వినిపించాయి.

ఒకటి: "మా ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్. సెలవులకు వెళితే అమ్మ, నాన్న, తమ్ముడు అందరూ వాడతారు. తాళం వేస్తే ఎలా?" 2020లో కరోనా వల్ల హాస్టళ్ళు మూతపడినప్పుడు, ఒకే ఫోన్‌లో ఇద్దరు ముగ్గురు పిల్లలు వంతులవారీగా పాఠాలు విన్న ఇళ్ళు మనవే.

రెండు: "రోడ్డు మీద యాక్సిడెంట్ అయి స్పృహ లేకుండా పడి ఉంటే, ఫోన్‌కు తాళం ఉంటే ఇంటికి ఎవరు కబురు చెబుతారు?" ఇది చాలా గట్టి ప్రశ్న. సెలవులకు బస్సుల్లో, ఆటోల్లో, బండ్ల మీద ఊళ్ళకు వెళ్ళేవాళ్ళం మనం.

మూడు: "పాస్‌వర్డ్ మరిచిపోతే ఫోన్‌లో ఉన్నవన్నీ పోతాయి." ఇదీ నిజమే.

నాలుగు: "ఇక్కడ మనమంతా ఒకే కంచంలో తిన్నవాళ్ళం. స్నేహితుల మధ్య తాళాలేమిటి?"

ఈ నాలుగింటికీ జవాబులు ఉన్నాయి. అయితే జవాబు చెప్పే ముందు తాళం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

తాళం ఎలా పనిచేస్తుంది?

చాలామంది స్క్రీన్ లాక్ అంటే తలుపు మీద వేసిన పరదా లాంటిది అనుకుంటారు. ఒకప్పుడు అది నిజమే. దొంగ ఆ పరదా పక్కకు లాగి, ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించి లోపలి ఫోటోలు తీసుకోగలిగేవాడు. ఇప్పుడు అలా కాదు. ఫోన్ తనలోని సమాచారం మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చి దాచుకుంటుంది. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు. ఐఫోన్లలో 2014 నుంచి ఈ రక్షణను పాస్‌కోడ్‌తో ముడిపెట్టి బాగా విస్తరించారు. ఆండ్రాయిడ్‌లో 2015లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి తగిన శక్తి ఉన్న కొత్త ఫోన్లకు, 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి కొత్త ఫోన్లన్నింటికీ ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేశారు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ఫోన్ తనంతట తానే రహస్య లిపిలో దాచుకుంటున్నప్పుడు మళ్ళీ మనం పాస్‌వర్డ్ పెట్టడం ఎందుకు? ఎందుకంటే ఆ లిపిని విప్పే తాళంచెవికి కాపలా మన పాస్‌వర్డే. పాస్‌వర్డ్ లేకపోతే, పెట్టెకు గట్టి తాళం వేసి, తాళంచెవిని ఆ తాళానికే వేలాడదీసి వెళ్ళినట్టు! ఎవరు స్క్రీన్ మీద వేలు జరిపినా అన్నీ తెరుచుకుంటాయి.

ఇక తాళాలలో రకాలు చూద్దాం.

పిన్: నాలుగు అంకెల పిన్ పెడితే 0000 నుంచి 9999 వరకు 10,000 రకాలు వీలవుతాయి. ఆరు అంకెలు పెడితే 10,00,000 రకాలు. చాలా ఫోన్లలో ఐదుసార్లు తప్పు కొడితే 30 సెకన్లు ఆగమంటుంది. ప్రతి ఐదు ప్రయత్నాలకు 30 సెకన్ల చొప్పున లెక్క వేస్తే, నాలుగు అంకెల పిన్‌లన్నీ ప్రయత్నించటానికి ఆగిన సమయమే 16 గంటల 40 నిమిషాలు అవుతుంది. అదే ఆరు అంకెలకు 69 రోజులు దాటుతుంది. తప్పులు పెరిగేకొద్దీ ఆగే సమయాన్ని ఫోన్ ఇంకా పెంచుతుంది కాబట్టి నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే ఈ లెక్క మనల్ని ఎరగని దొంగకే వర్తిస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన పుట్టిన సంవత్సరం, గది నంబరు, హాల్‌టికెట్ చివరి అంకెలు, అన్న బండి నంబరు పక్క మంచం మిత్రుడికి కూడా తెలుసు. కాబట్టి అవేవీ పిన్‌గా పెట్టకూడదు. 1234, 0000, 1111 పెట్టడం, పెట్టకపోవడం రెండూ ఒక్కటే.

ప్యాటర్న్: తొమ్మిది చుక్కలను కలుపుతూ గీసే గీత ఇది. తక్కువలో తక్కువ నాలుగు చుక్కలు, ఎక్కువలో ఎక్కువ తొమ్మిది చుక్కలు కలపవచ్చు. ఇలా గీయగల ఆకారాలు మొత్తం 3,89,112. వినటానికి చాలా ఎక్కువగా ఉంది. కానీ నాలుగు చుక్కలతో ఆపేస్తే వీలయ్యేవి 1,624 మాత్రమే. అదీగాక మనలో చాలామంది పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఇంగ్లీషు అక్షరం ఎల్ లాగానో, జెడ్ లాగానో గీస్తారు. దూరం నుంచి చేతి కదలిక చూసినా అర్థమైపోతుంది. వేలి జిడ్డు అద్దం మీద గీతలా మిగిలిపోతుందని, దానిని బట్టి ప్యాటర్న్ కనుక్కోవచ్చని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లోనే చూపించారు. మెస్‌లో గారెలు తిన్న చేత్తో ఫోన్ తెరిస్తే ఆ పరిశోధన మన గదిలోనే చూడవచ్చు!

వేలిముద్ర: తొందరగా తెరుచుకుంటుంది. పక్కవాళ్ళకు పిన్ కనబడే భయం ఉండదు. కానీ హాస్టల్‌లో ఒక చిక్కు ఉంది. ఒక గదిలో ఎనిమిది, పది మంది పడుకుంటాం. గాఢనిద్రలో ఉన్నవారి వేలు పట్టుకుని ఫోన్‌కు ఆనించడం పెద్ద పని కాదు. వేలిముద్ర ఉన్నా వెనకాల పిన్ ఎలాగూ ఉంటుంది. ఫోన్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మొదట పిన్ కొట్టే వరకు వేలిముద్ర పనిచెయ్యదు. అందువల్ల రాత్రి ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి పడుకునేవారు స్విచాఫ్ చేసి పడుకుంటే ఈ భయం ఉండదు.

ముఖం: తక్కువ ధర ఫోన్లలో ముందు కెమెరా ఒక్కటే మన ముఖాన్ని చూస్తుంది. అలాంటి కొన్ని ఫోన్లను ఫోటో చూపించి కూడా తెరవవచ్చు. అన్నదమ్ముల పోలికలు కలిసినా పొరపడే అవకాశం ఉంది. ఖరీదైన ఫోన్లలో ముఖం లోతును కొలిచే పరికరాలు ఉంటాయి, అవి వేరు. మన చేతుల్లో ఉండే ఫోన్లకు మాత్రం ముఖాన్ని నమ్ముకోవద్దనే మా సలహా.

పాస్‌వర్డ్: అక్షరాలు, అంకెలు కలిపి పెట్టేది. అన్నింటికంటే గట్టిది, కాని రోజుకు యాభైసార్లు కొట్టడం కష్టం. మామూలు విద్యార్థికి ఎవరూ ఊహించలేని ఆరు అంకెల పిన్, దానితో పాటు వేలిముద్ర సరిపోతాయి.

తాళం చెయ్యలేని పనులు

స్క్రీన్ లాక్ ఒక్కటి పెట్టి నిశ్చింతగా ఉండటం కూడా తప్పే. అది కాపాడలేనివి కొన్ని ఉన్నాయి.

దొంగ ఫోన్ తెరవలేకపోయినా అందులోని సిమ్ కార్డు బయటకు తీసి వేరే ఫోన్‌లో వెయ్యవచ్చు. అప్పుడు ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. దీనికి మందు సిమ్ పిన్. ఫోన్ సెట్టింగులలో సిమ్ లాక్ అని ఉంటుంది. అది పెడితే సిమ్‌ను ఏ ఫోన్‌లో వేసినా ముందు పిన్ అడుగుతుంది. అయితే జాగ్రత్త! మొదట కంపెనీ ఇచ్చిన పిన్ ఏమిటో సిమ్ కంపెనీ వారిని అడిగి తెలుసుకున్నాకే ఇది మొదలుపెట్టాలి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే అనే మరో సంఖ్య అడుగుతుంది. అది పదిసార్లు తప్పు కొడితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

ఫోన్ తాళం వేసి ఉన్నా ఓటీపీ మెసేజ్ స్క్రీన్ మీద కనబడితే తాళం వేసి లాభం ఏమిటి? కాబట్టి సెట్టింగులలో నోటిఫికేషన్లకు వెళ్ళి, లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనబడకుండా చెయ్యాలి.

యూపీఐకి స్క్రీన్ లాక్ వేరు, యూపీఐ పిన్ వేరు. రెండింటికీ ఒకే సంఖ్య పెట్టకూడదు. 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో చిన్న మొత్తాలకు పిన్ అడగదు. కాబట్టి అది వాడేవారికి స్క్రీన్ లాక్ ఇంకా ముఖ్యం.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ అని ఒక సౌకర్యం ఉంది. ఆరు అంకెల పిన్ పెట్టుకుంటే, మన సిమ్ మరొకరి చేతిలో పడినా మన పేరుతో వాట్సాప్ తెరవటం కష్టమవుతుంది. అలాగే లింక్డ్ డివైజెస్ అనే చోట అప్పుడప్పుడూ చూడాలి. మనం ఐదు నిమిషాలు ఫోన్ ఇచ్చినప్పుడు ఎవరైనా మన వాట్సాప్‌ను తమ కంప్యూటర్‌కు కలుపుకుని ఉంటే అక్కడ కనబడుతుంది.

అన్నింటికీ మించి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని, స్కాలర్‌షిప్ మంజూరైందని ఫోన్ చేసి ఓటీపీ అడిగితే మన నోటితో మనమే చెప్పేస్తే, ఏ తాళమూ కాపాడలేదు.

ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు

ఇంటికి ఒకటే ఫోన్ అన్నవారికి: తాళం అంటే ఒక్కరి కోసమే అని ఎవరన్నారు? ఇంటి తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోటే ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఒకటి కంటే ఎక్కువ వేలిముద్రలు పెట్టవచ్చు. అమ్మ వేలు, నాన్న వేలు కూడా పెట్టండి. అయితే కలుపు తీసి, ఇటుకలు మోసి, బట్టలు ఉతికి అరిగిపోయిన వేళ్ళను మిషన్ గుర్తుపట్టకపోవచ్చు. రేషన్ షాపు దగ్గర ఆ బాధ మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అలాంటప్పుడు ప్యాటర్న్ మేలు. చదువురాని అమ్మకు అంకెలు గుర్తుపెట్టుకోవటం కష్టం కావచ్చు గాని, చుక్కలు కలిపి ముగ్గు వేయటం ఆమెకు మనం నేర్పాలా? ఏడెనిమిది చుక్కల ముగ్గు ఆమెనే ఎంచుకోమనండి. దానిని ఊహించటం దొంగ తరం కాదు. చిన్న పిల్లలకు ఆటకో, పాఠానికో ఫోన్ ఇవ్వవలసి వస్తే యాప్ పిన్నింగ్ అనే సౌకర్యం ఉంది. ఒక్క యాప్ మాత్రమే తెరిచి ఇవ్వవచ్చు. అందులోంచి బయటకు రావాలంటే పిన్ అడిగేలా పెట్టుకోవచ్చు.

ప్రమాదం సంగతి: ఫోన్‌కు తాళం ఉన్నా 112కు ఎవరైనా ఫోన్ చెయ్యవచ్చు. లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ అని ఉండేది అందుకే. ఇంకా ముఖ్యమైనది, సెట్టింగులలో సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ అనే చోట మన రక్తం గ్రూపు, ఇంటివారి నంబర్లు రాసి పెట్టుకుంటే, తాళం తియ్యకుండానే వాటిని చూసి ఆ నంబర్లకు ఫోన్ చెయ్యవచ్చు. ఐఫోన్‌లో దీనిని మెడికల్ ఐడీ అంటారు. ఇది నింపటానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. ఇది పెట్టుకోకపోయినా కనీసం ఫోన్ కవరు లోపల ఇంటి నంబరు రాసిన చీటీ ఒకటి ఉంచండి. కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు.

మరిచిపోవటం సంగతి: పిన్ మరిచిపోతే ఫోన్‌లో ఉన్నవి తుడిచెయ్యక తప్పదు. అందుకని పిన్ కాగితం మీద రాసి ఇంట్లో సర్టిఫికెట్ల దగ్గర పెట్టవచ్చు. మంచం కింద అట్ట మీద, ఫోన్ కవరులో మాత్రం రాయకూడదు. ముఖ్యమైన ఫోటోలు, నోట్సు గూగుల్ ఖాతాలో బ్యాకప్ ఉంచుకోవాలి. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా గుర్తుండాలి. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపు కుర్రాడు తన ఇష్టం వచ్చిన పాస్‌వర్డ్ పెట్టి ఖాతా తెరిచి ఇచ్చాడా? అది మనకే తెలియదు, అతనికి మాత్రం తెలుసు! ఇవాళే మార్చుకోండి.

స్నేహం సంగతి: ఇదే అసలు ప్రశ్న. దీని గురించి కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

నమ్మకానికీ తాళానికీ గొడవ లేదు

"నిజమైన స్నేహితుడివైతే పాస్‌వర్డ్ చెప్పు." ఈ మాట మగపిల్లల హాస్టళ్ళలో సరదాగా మొదలవుతుంది. ఆడపిల్లల విషయంలో ఇది సరదాగా ఉండదు. ప్రేమిస్తున్నానని చెప్పేవాడు పాస్‌వర్డ్ అడుగుతాడు. అన్న అడుగుతాడు. కాబోయే భర్త అడుగుతాడు. ఇవ్వకపోతే అనుమానం, ఇస్తే పెత్తనం. ఒక ఆడపిల్ల ఫోన్‌లోని ఒక ఫోటోనో, నాలుగు మాటల సంభాషణో ఎవరి చేతిలోనో పడి కాలేజీ గ్రూపులో తిరిగితే, తప్పు చేసినవాడు హాయిగా కాలేజీకి వస్తాడు. ఆ అమ్మాయిని మాత్రం ఇంటివాళ్ళు వచ్చి పెట్టె సర్దించి తీసుకెళతారు. చదువు ఆగిపోతుంది, పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి. మన కుటుంబాల్లో ఒక ఆడపిల్ల డిగ్రీ దాకా రావటానికి ఎన్ని తరాలు పట్టిందో మనకు తెలుసు. అంత కష్టపడి వచ్చిన చదువు ఒక తెరిచి ఉన్న ఫోన్ వల్ల పోకూడదు.

ఇంకొక సంగతి. మన ఇళ్ళు చిన్నవి. చాలా ఇళ్ళలో ఒకటే గది. హాస్టల్‌లోనూ పది మందితో గది. మన జీవితంలో మనకంటూ తలుపు వేసుకునే చోటు ఎక్కడా లేదు. అందుకే "ప్రైవసీ అంటే డబ్బున్నవాళ్ళ సంగతి, మనకెందుకు" అనుకుంటాం. ఇది సరికాదు. కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని, రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో అది భాగమని ఆ తీర్పు సారాంశం. బాబాసాహెబ్ అంబేద్కర్ ముసాయిదా కమిటీకి అధ్యక్షుడై రూపుదిద్దిన రాజ్యాంగం ఇచ్చిన హక్కు, బంగళాలో ఉన్నవారికి ఎంతో హాస్టల్ మంచం మీద ఉన్నవారికీ అంతే.

చట్టం కూడా ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 66సి సెక్షన్ ప్రకారం మరొకరి పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. అనుమతి లేకుండా ఒకరి శరీర రహస్య భాగాల ఫోటో తీసినా, పంపినా 66ఇ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు లేదా రెండు లక్షలకు మించని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "సరదాకి చేశాను సార్" అంటే పోలీస్ స్టేషన్‌లో చెల్లదు. ఒక కేసు పడితే ప్రభుత్వ ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చినప్పుడు అది అడ్డం నిలబడుతుంది. ఈ సంగతి ఇతరుల ఫోన్ తెరిచి చూసే మిత్రులు గుర్తుంచుకోవాలి.

మరి ఎవరికీ చెప్పకూడదా? అలా అనటం లేదు. అవసరమని మనకు అనిపిస్తే, మనకు మనమే ఎంచుకున్న ఒక్కరికి చెప్పవచ్చు. అమ్మ కావచ్చు, అక్క కావచ్చు, ప్రాణ స్నేహితుడు కావచ్చు. ఇష్టంతో చెప్పటం వేరు, బలవంతం మీద చెప్పటం వేరు. బలవంతం మీద చెప్పవలసి వస్తే తర్వాత మార్చేసే హక్కు మనకు ఉంది. స్నేహితుడికి ఫోన్ చేసుకోవటానికి ఇవ్వవలసి వస్తే, మనమే తాళం తీసి, నంబరు కొట్టి ఇద్దాం. ఇందులో అవమానమేమీ లేదు. అలాగే ఎదుటివారు పిన్ కొడుతున్నప్పుడు మనం తల పక్కకు తిప్పుకుందాం. ఏటీఎం దగ్గర పాటించే మర్యాదే గదిలోనూ పాటిద్దాం.

ఫోన్ పోతే వెంటనే చెయ్యవలసినవి

చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే, ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

1. ఫోన్ చేతిలో ఉండగానే స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ నొక్కండి. 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దానిని నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండు నంబర్లు వస్తాయి, రెండూ రాసుకోండి. ఫోన్ కొన్న బిల్లు, డబ్బా పారెయ్యవద్దు.

2. పోయిన వెంటనే స్నేహితుడి ఫోన్ నుంచి సిమ్ కంపెనీకి ఫోన్ చేసి సిమ్ ఆపించండి. బ్యాంకుకు చెప్పి యూపీఐ, ఏటీఎం కార్డు ఆపించండి.

3. గూగుల్ వారి ఫోన్ వెతికే సౌకర్యంలో మన ఖాతాతో ప్రవేశించి, ఫోన్ ఎక్కడుందో చూడవచ్చు, దూరం నుంచే తాళం వెయ్యవచ్చు, అవసరమైతే అంతా తుడిచెయ్యవచ్చు. ఫోన్ ఉన్న చోటు తెలిసినా ఒంటరిగా వెళ్ళవద్దు, పోలీసులకు చెప్పండి.

4. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, ఆ కాపీతో సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నంబరు ఇచ్చి ఫోన్‌ను ఆపించవచ్చు. కేంద్ర టెలికాం శాఖ 2023 మే నెలలో సంచార్ సాథీ ద్వారా దీనిని దేశమంతటికీ అందుబాటులోకి తెచ్చింది. ఆపించిన ఫోన్ దేశంలో ఏ సిమ్‌తోనూ పనిచెయ్యదు. దొరికితే మళ్ళీ తెరిపించుకోవచ్చు.

5. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. దొంగ ఆ డబ్బును వేరే ఖాతాలకు మార్చేలోగా చెబితే ఆపే అవకాశం ఎక్కువ. "ఇంట్లో తిడతారు" అని రెండు రోజులు దాచిపెడితే, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు అవుతుంది.

తాళం వల్ల ఇంకొక లాభం ఉంది. గూగుల్ ఖాతా, స్క్రీన్ లాక్ రెండూ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌ను దొంగ బటన్లు నొక్కి మొత్తం తుడిచేసినా, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు అది పాత ఖాతానో, పాత లాక్‌నో అడుగుతుంది. 2015 నుంచి వచ్చిన ఈ ఏర్పాటు వల్ల దొంగ ఫోన్ అమ్ముకోవటం కష్టమవుతుంది.

మా అభిప్రాయం

మిత్రులారా! అన్నీ ఆలోచించిన మీదట మేము చెప్పేది ఇదే. ఫోన్‌కు తాళం వెయ్యాలి. కానీ ప్రమాదంలో ఇంటికి కబురు అందే ఏర్పాటు చేసుకుని వెయ్యాలి. మరిచిపోతే దారి ఉంచుకుని వెయ్యాలి. ఇంట్లో అమ్మానాన్నలకు ఫోన్ అందకుండా పోకుండా వెయ్యాలి. తాళం వేసినవారిని అనుమానించటం మానాలి. మన స్కాలర్‌షిప్ డబ్బు పోతే పరీక్ష ఫీజు ఆగుతుంది, పరీక్ష ఫీజు ఆగితే సంవత్సరం ఆగుతుంది. ఉన్నవాళ్ళకు అది నష్టం మాత్రమే. మనకు అది జీవితం.

ఈ వార్షికోత్సవం అయిన మరుసటి ఆదివారం నుంచి కామన్ హాలులో సాయంత్రం 5 గంటలకు మేము కూర్చుంటాం. సిమ్ పిన్ పెట్టుకోవటం, ఎమర్జెన్సీ నంబర్లు రాసుకోవటం తెలియని వారు ఫోన్ తీసుకుని రండి. ఎలా చెయ్యాలో చెబుతాం, చేసేది మాత్రం మీరే. మీ పిన్ మాకు చెప్పవద్దు!